మన బూట్లు మనమే తుడుచుకునే వేళ



ఆ మధ్య ఒక ఆదివారం మా విహారంలో ధమ్మ తరగతి అయిపోయాక ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. చిన్న ఉద్యోగం చేస్తాడు. రెండేళ్ళ కిందట దీక్ష తీసుకున్నాడు. "అన్నా, ఆనాపాన సతి చేద్దామని కళ్ళు మూసుకుని కూర్చుంటే పది నిమిషాలు కూడా మనసు నిలబడట్లేదు. ఆఫీసు గొడవలు, ఇంటి అద్దె, చెల్లి పెళ్ళి, అన్నీ వచ్చి ఎదురుగా కూర్చుంటున్నాయి. అదే ఆదివారం రాత్రి బూట్లకి పాలిష్ పెట్టుకుంటుంటే అరగంట ఎటు పోయిందో తెలీదు. లేచేసరికి తల తేలిగ్గా ఉంటది. ఇది కూడా ధ్యానమేనా? లేకపోతే నన్ను నేను మోసం చేసుకుంటున్నానా?" అని అడిగాడు.

కొందరు నవ్వారు. వెనక వరుసలో గోడకి ఆనుకుని కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మా నాయన బతుకంతా ఊరోళ్ళ చెప్పులు కుట్టాడు. ఆ చేతుల వాసన మా ఇంట్లోంచి పోవడానికి నేనూ నా పిల్లలూ రెండు తరాలు చదువుకున్నాం. నీకు అందులో హాయి దొరికిందా నాయనా?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటేనే బాగుండేదేమో. ఆ మాటకు ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేకపోయింది.

ఇద్దరూ అడిగినవి న్యాయమైన ప్రశ్నలే. పైకి చూస్తే బూట్ల సంగతి. లోపల ఉన్నది వేరే ప్రశ్న. ఒక పనిని మన తాతల మెడకి బలవంతంగా కట్టారు. ఆ పనిలోనే మనవడు నెమ్మది వెతుక్కోవచ్చా? అది విముక్తా, లేక మరిచిపోవడమా?

పెద్దాయన వైపు నుంచి మొదలు పెడదాం. తోలు పని అంటే ఏమిటో ఇవాళ్టి పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలియకపోవడం మంచిదే ఒకరకంగా, కానీ ఈ ప్రశ్నకి తెలియాలి. చచ్చిన గొడ్డుని ఊరి బయటికి ఈడ్చుకెళ్ళాలి. తోలు ఒలవాలి. సున్నపు నీళ్ళలో నానేసి వెంట్రుకలు రాల్చాలి. తంగేడు చెక్క నానిన లందలో రోజుల తరబడి ఊరేయాలి. తీసి, ఆరేసి, మెత్తబరిచి, అప్పుడు ఆరె, రంపె పట్టుకుని కూర్చోవాలి. ఆ సున్నానికి గోళ్ళు తినేసేవి. దీనికి కూలి డబ్బుల్లో కాదు, కళ్ళం దగ్గర ఇన్ని గింజలు. అంత కష్టపడి చెప్పు కుట్టినవాడు అదే చెప్పు తొడుక్కుని పెద్దల వీధిలో నడవకూడదు. విప్పి చేత్తో పట్టుకోవాలి. పాదాన్ని కాపాడే వస్తువును తయారుచేసేవాడి పాదం మండుటెండలో నేల మీద కాలాలి. ఇంతకంటే తిరకాసు నీతి ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

ఈ నీతికి పునాది కూడా పాదంలోనే పెట్టారు. పురుషసూక్తం శూద్రుడిని పాదాల నుంచి పుట్టించింది. మనకి ఆ పాదంలో కూడా చోటు లేదు. అంటే శరీరంలో పాదం తక్కువ, పాదంలోంచి వచ్చినవాడు తక్కువ, పాదానికి తొడిగేది తక్కువ, దాన్ని ముట్టుకునేవాడు మరీ తక్కువ. ఇప్పుడు మన అమరావతి స్తూపం శిల్పాలు గుర్తు తెచ్చుకోండి. తొలి రోజుల్లో అక్కడి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. బోధివృక్షం, ఖాళీ ఆసనం, చక్రం, పాదాలు చెక్కారు. రెండు పాదాలు, వాటి మధ్యలో ధమ్మచక్రం. కృష్ణ ఒడ్డున, మన నేల మీద, ఒకప్పుడు జనం గౌరవంగా తల వంచింది నడిచి నడిచి ధమ్మం చెప్పిన పాదాలకి. పాదం తక్కువది అన్న మాట ఈ నేలలో మొదటినుంచీ లేదన్నమాట. తర్వాత తెచ్చి పెట్టారు.

బాబాసాహెబ్ జీవితంలో ఒంటి శుభ్రం, బట్ట, జుట్టు ఎప్పుడూ చిన్న విషయాలు కావు. 'వీసా కోసం నిరీక్షణ' అన్న స్వీయ జ్ఞాపకాల్లో ఆయన సతారాలో తన చిన్నతనం గురించి రాశారు. ఊళ్ళో మంగళ్ళు లేక కాదు, ఇచ్చుకోవడానికి డబ్బు లేక కాదు, అంటరానివాళ్ళ తల ముట్టుకోవడానికి ఏ మంగలీ ఒప్పుకోడు గనక, ఇంట్లో పిల్లలందరి జుట్టూ అక్కే తీసేది. తమ్ముళ్ళ తలల మీదే నేర్చుకుని చెయ్యి తిరిగిన పనిమంతురాలు అయిందట. నాకు ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆ అక్క చేతులే కనిపిస్తాయి. సమాజం వెలివేసిన తలని తన ఒళ్ళో పెట్టుకుని కత్తెర పట్టిన చేతులు. అది అవమానం వల్ల వచ్చిపడిన పని. కానీ ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె చేతుల్లో ఉన్నది అవమానం అయి ఉండదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మన ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉందని నేను అనుకుంటున్నాను.

1927లో మహాడ్‌లో చెరువు నీళ్ళు ముట్టుకున్నది మార్చి 20న. అదే సంవత్సరం డిసెంబర్‌లో అక్కడే రెండోసారి సభ జరిగింది. మనుస్మృతిని తగలబెట్టిన సభ అదే. ఆ సభలో బాబాసాహెబ్ ఆడవాళ్ళతో ప్రత్యేకంగా మాట్లాడారు. చీర కట్టే తీరు, వేసుకునే నగల తీరు చూసి మీ కులం ఇదని గుర్తుపట్టేలా ఉండొద్దు, శుభ్రంగా ఉండండి, కట్టు మార్చండి అని చెప్పారు. ఆడవాళ్ళు అక్కడికక్కడే మార్చేశారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన తెల్లబట్టల్లో దీక్ష తీసుకున్నారు, లక్షలమంది ఆయన వెంట నడిచారు. ఉతికిన తెల్లబట్ట కట్టుకోవడం కూడా మనకి ఒక ప్రకటన. మన ఊళ్ళలో విగ్రహాలు చూడండి. నీలం సూటు, చేతిలో పుస్తకం, కాళ్ళకి నల్ల బూట్లు. ఏప్రిల్ 14 వస్తోందంటే కుర్రాళ్ళు రంగు డబ్బాలతో ముందు విగ్రహానికి మెరుగు పెడతారు. నేను ఎన్నోసార్లు చూశాను, సూటుకి నీలం వేసేటప్పుడు మాటలాడుకుంటూ వేసే కుర్రాడు బూట్లకి నల్లరంగు వేసేటప్పుడు మాత్రం నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, అంచు దాటకుండా వేస్తాడు. వాడికి ఎవరూ చెప్పలేదు.

మన మీద దాడి చేసేవాళ్ళకి కూడా ఇది బాగా తెలుసు. అందుకే వాళ్ళు జుట్టు మీదికి, మీసం మీదికి, చెప్పుల మీదికి వస్తారు. అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించినప్పుడు చెప్పుల దండ వేయడం, బలవంతంగా గుండు గీయడం, మీసం తీసేయడం అన్న మాటలు పేరుపేరునా చట్టంలో రాయాల్సి వచ్చింది. మంగలి కత్తి ఒక చట్టంలోకి నేరంగా ఎక్కిందంటే ఆలోచించండి. 1996 డిసెంబర్‌లో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో మన పిల్లల్ని కొట్టి, ఇద్దరికి శిరోముండనం చేశారు. కింది కోర్టు తీర్పు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. 27 ఏళ్ళు దాటాక.

ఇదే కత్తి భిక్ఖు దగ్గర కూడా ఉంటుంది. భిక్ఖువుకి ఉండే ఎనిమిది వస్తువుల్లో మూడు చీవరాలు, భిక్షాపాత్ర, నడికట్టు, నీళ్ళ వడపోత గుడ్డ పోను మిగిలినవి సూది, మంగలి కత్తి. తన బట్ట తనే కుట్టుకోవాలి, తల నున్నగా ఉంచుకోవాలి. తల గొరిగించుకోవడం అక్కడ ఎవరో చేసిన శిక్ష కాదు, తనకు తాను ఇష్టపడి పెట్టుకున్న గుర్తు. ఒకే కత్తి, ఒకే తల. ఎవరి ఇష్టంతో జరిగింది అన్న ఒక్క తేడాతో ఒకచోట నేరం, ఇంకోచోట ప్రవ్రజ్య. శాక్య రాజకుమారులు సంఘంలో చేరడానికి వచ్చినప్పుడు వాళ్ళ మంగలి ఉపాలి కూడా వెంట వచ్చాడు. ముందు ఇతనికి దీక్ష ఇవ్వండి, అప్పుడు సంఘంలో ఇతను మాకంటే పెద్దవాడవుతాడు, మేం ఇతనికి నమస్కరించాలి, మా శాక్య గర్వం అణుగుతుంది అని రాకుమారులే అడిగారు. బుద్ధుడు అలాగే చేశాడు. తర్వాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయం మొత్తం చెప్పింది ఆ ఉపాలే.

ఇక చెప్పుల సంగతి. వినయపిటకంలో తోలు గురించి ఒక అధ్యాయమే ఉంది, చమ్మక్ఖంధకం అంటారు. మనవాళ్ళు చాలామంది చదివి ఉండరు. అందులో సోణుడి కథ ఉంది. చంపా నగరంలో పెద్ద షావుకారు కొడుకు. నేల మీద కాలు పెట్టకుండా పెరిగినవాడు. భిక్ఖువయ్యాక పట్టుదలగా నడక ధ్యానం చేశాడు. అలవాటు లేని పాదాలు పగిలి, నడిచిన దారంతా రక్తం. ఇంత చేసినా ఫలం దొరకలేదు, ఇంటికిపోయి దానధర్మాలు చేసుకుంటే మేలేమో అనుకున్నాడు. బుద్ధుడు వచ్చి వీణ తీగల పోలిక చెప్పిన సందర్భం ఇదే. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదిలేసినా పలకదు. ఈ పోలిక అందరికీ తెలుసు. దాని తర్వాత జరిగింది ఎవరూ చెప్పరు. సోణా, నువ్వు సుకుమారంగా పెరిగినవాడివి, ఒక పొర చెప్పులు వేసుకో అని బుద్ధుడు అనుమతి ఇచ్చాడు. సోణుడు ఒప్పుకోలేదు. నేను ఎనభై బళ్ళ బంగారం వదిలి వచ్చాను, ఇప్పుడు చెప్పుల కోసం ఆశపడుతున్నాడని అంటారు, సంఘం అంతటికీ అనుమతి ఇస్తే వేసుకుంటాను, నాకొక్కడికే అయితే వద్దు అన్నాడు. అప్పుడు బుద్ధుడు అందరికీ అనుమతి ఇచ్చాడు.

ఈ కథని మన ఊరి కథ పక్కన పెట్టి చూడండి. అక్కడ కొందరు చెప్పులు వేసుకోవాలి, కొందరు విప్పాలి. ఇక్కడ ఒకడు, అందరి కాళ్ళకీ ఉంటేనే నా కాళ్ళకి అన్నాడు, శాస్త అందరికీ ఇచ్చాడు. రంగురంగుల చెప్పులు, ఆడంబరం చెప్పులు వద్దని తర్వాత నియమాలు కూడా పెట్టాడు. పాదాన్ని కాపాడుకోవడం తప్పు కాదు, పాదంతో గొప్ప చూపించుకోవడం తప్పు.

ఇప్పుడు కుర్రాడి ప్రశ్నకి వద్దాం. బూటు తుడుస్తుంటే మనసు ఎందుకు కుదుటపడుతుంది? ఇందులో మాయ ఏమీ లేదు. ముందు లేసులు ఊడదీయాలి. పొడి బ్రష్‌తో దుమ్ము దులపాలి, ముఖ్యంగా అడుగు అట్టకీ పై తోలుకీ మధ్య కుట్టు దగ్గర. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. తర్వాత గుడ్డని వేలికి చుట్టుకుని కొంచెం, కొంచెమే, పాలిష్ తీసుకుని చిన్నచిన్న సున్నాలు చుడుతూ పూయాలి. ఎక్కువ తీసుకుంటే మెరుపు రాదు, మందంగా పేరుకుంటుంది. ఆ డబ్బాలో ఉన్నది మైనం, దాన్ని కరిగించి ఉంచే టర్పెంటైన్ లాంటి ద్రవం, రంగు. ద్రవం ఆవిరైపోవాలి, మైనం తోలు మీద మిగలాలి. అందుకే పూసిన వెంటనే రుద్దితే లాభం లేదు, ఐదు పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత బ్రష్ రాపిడికి వేడి పుట్టి మైనం సమంగా పరుచుకుంటుంది. చివర మెత్తటి పాత బనీను ముక్కతో నాలుగు రుద్దులు. ముక్కు దగ్గర మెరుపు ఇంకా కావాలంటే ఒక చుక్క నీళ్ళు.

ఇందులో తొందరకి చోటు లేదు. చేతులు ఒకటే కదలిక మళ్ళీ మళ్ళీ చేస్తాయి, కళ్ళు దాన్నే చూస్తాయి, ముక్కుకి ఆ వాసన. మనసు వేరే చోటికి పోయిందా, పాలిష్ లేసు రంధ్రాల్లోకి పోతుంది, వెంటనే తెలిసిపోతుంది. సతిపట్ఠాన సుత్తంలో శ్వాసని గమనించడం ఒక్కటే చెప్పలేదు. ముందుకి నడవడం, వెనక్కి తిరగడం, చెయ్యి చాచడం, ముడవడం, చీవరం ధరించడం, పాత్ర పట్టుకోవడం, తినడం, తాగడం, మలమూత్ర విసర్జన కూడా, వీటన్నిటిలో ఎరుకతో ఉండమని చెప్పారు. సంపజఞ్ఞం అంటే అదే. ఇంత వివరంగా రోజువారీ ఒంటి పనుల్ని సాధనలోకి తెచ్చినవాడు బూటుని బయట పెడతాడా?

చూళపంథకుడి కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. నాలుగు నెలలు కష్టపడినా ఒక్క గాథ నోటికి రాలేదు. సొంత అన్నే సంఘం నుంచి వెళ్ళిపొమ్మన్నాడు. బుద్ధుడు అతని చేతికి ఒక శుభ్రమైన గుడ్డ ఇచ్చి, దుమ్ము పోవాలి అనుకుంటూ రుద్దుతూ కూర్చోమన్నాడు. రుద్దగా రుద్దగా చేతి చెమటకి తెల్లగుడ్డ మాసింది. ఏదీ ఉన్నట్టు ఉండదన్న సంగతి పుస్తకం చెప్పనిది గుడ్డ చెప్పింది. అట్ఠకథల్లో ఆ తర్వాత మహిమలు కూడా కలిపారు, అవి మనకి అక్కర్లేదు. చదువు రానివాడికి చేతిపని ద్వారా ధమ్మం చెప్పిన గురువు ఉన్నాడన్నదే మనకి కావలసింది. చదువు రాదని ఎన్ని తరాలు మనల్ని గెంటారో తెలిసినవాళ్ళం గనక.

ఉద్యమంలో తిరిగేవాళ్ళకి ఈ హాయి ఇంకొంచెం ఎక్కువ తెలుస్తుందని నాకు అనిపిస్తుంది. మా పనులేవీ తెమలవు. అర్జీ పెడితే కదలదు, కేసు వేస్తే వాయిదా, ఊరేగింపుకి పర్మిషన్ రాదు. పొద్దున్నించి రాత్రి దాకా తిరిగినా సాయంత్రానికి చూపించడానికి ఏమీ ఉండదు. బూటు అలా కాదు. ఇరవై నిమిషాల్లో పని మొదలై పూర్తయి కళ్ళెదుట మెరుస్తుంది. గడ్డం గీసుకోవడం, చొక్కా ఇస్త్రీ చేసుకోవడం, గోళ్ళు తీసుకోవడం, తలకి నూనె పట్టించి దువ్వుకోవడం, ఇవన్నీ అలాంటివే. చేసిన పనికి ఫలితం కనబడే చోటు మనిషికి రోజుకి ఒక్కటైనా ఉండాలి. లేకపోతే మనసు ఎండిపోతుంది, ఎండిపోయినవాడు పక్కవాళ్ళ మీద విరుచుకుపడతాడు. మన సంఘాలు ఎన్ని ఇలా చీలిపోయాయో లెక్క ఉందా?

అయితే ఇక్కడే జాగ్రత్త కావాలి. బోధిచర్యావతారం రాసిన శాంతిదేవుడు ఎనిమిదో శతాబ్దంలో నలందాలో ఉన్న పండితుడు. ఆయన చెప్పిన ఒక పోలిక ధ్యాన శిబిరాల్లో తరచూ వినిపిస్తుంది. ముళ్ళ నేల మీద నడవాలంటే నేలంతా తోలు పరచక్కర్లేదు, నీ పాదాలకి చెప్పులు ఉంటే సరిపోతుంది, అలాగే ప్రపంచాన్ని మార్చనక్కర్లేదు, మనసుని కాపాడుకో అని దాని భావం. అందమైన పోలికే. కానీ చెప్పులు కుట్టిన ఇంట్లోంచి వచ్చినవాడికి వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ తోలు ఎవరు ఊరేశారు? ఆ కుట్టినవాడి కాళ్ళకి చెప్పులున్నాయా? దారిలో ముళ్ళు పోసినవాడు ఎవరు? 'బుద్ధుడు ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ మతానికీ ధమ్మానికీ తేడా చెప్తూ, మతం ప్రపంచం ఎలా పుట్టిందో చెప్పడానికి, ధమ్మం దాన్ని తిరిగి నిర్మించడానికి అన్న అర్థంలో రాశారు. ధమ్మం మనిషికీ మనిషికీ మధ్య ఉండేది. కాబట్టి నా మనసు హాయిగా ఉంది, నా బూట్లు మెరుస్తున్నాయి, అంతే చాలు అనుకుంటే అది సగం చెప్పే. రెండో కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. నెమ్మది పొందిన మనసుతో సోమవారం ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరి పక్కన నిలబడుతున్నావు అన్నది కూడా సాధనలో భాగమే.

పెద్దాయన భయం ఇంకొకటి ఉంది, అది అన్నింటికంటే పెద్దది. పని పవిత్రం, పనిలోనే ఆనందం అన్న మాట మనకి కొత్త కాదు. పాకీ పని చాలా గొప్ప సేవ అని గాంధీ పొగిడారు. 1945లో బాబాసాహెబ్ రాసిన పుస్తకంలో, కాంగ్రెసూ గాంధీ అంటరానివాళ్ళకి ఏం చేశారో లెక్క తీసిన పుస్తకంలో, ఆ పొగడ్తని ఆయన దయగా చూడలేదు, క్రూరమైన ఎగతాళిగా చూశారు. గొప్ప పని అయితే అందరూ చెయ్యాలి కదా, ఒక్క కులానికే ఎందుకు అంటగట్టారు? 1936లో 'కుల నిర్మూలన'లో ఆయన చెప్పింది కూడా ఇదే. కులం పనిని పంచలేదు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొట్టింది. ఎంచుకునే వీలు లేని పనిలో మనిషి మనసూ బుద్ధీ నిలవవు, తప్పించుకోవాలనే చూస్తాడు అని అక్కడే అన్నారు. ఆ మాటని తిప్పి చూస్తే కుర్రాడికి జవాబు దొరుకుతుంది. వాడు తన బూటు తుడుచుకుంటున్నాడు. ఇష్టమైనప్పుడు మొదలెట్టాడు, ఇష్టం లేకపోతే బ్రష్ కింద పెట్టి లేచిపోతాడు. వాడి కొడుకు ఇదే పని చెయ్యాలని ఏ ఊరూ తీర్మానించలేదు. అందుకే అందులో వాడి మనసు ఉంది. తాతకి లేనిది ఈ ఎంపికే. హాయి బ్రష్‌లో లేదు, కింద పెట్టగలిగిన చేతిలో ఉంది.

అలాగని ఎవరైనా వచ్చి, చూశారా, తోలు పనిలో కూడా ధ్యానం ఉంది, మీ కులవృత్తే మీకు సాధన అంటే వెంటనే లేచి బయటికి వచ్చేయండి. అలాంటివాళ్ళు వస్తారు.

ఇంట్లో సంగతి కూడా చెప్పాలి, ఇది మగవాళ్ళకి. ఆదివారం రాత్రి మీ పిల్లల స్కూలు బూట్లు ఎవరు తుడుస్తున్నారు? మీ చొక్కా ఇస్త్రీ ఎవరు చేస్తున్నారు? మన ఇళ్ళలో చాలావాటిలో జవాబు ఒకటే. ఆమెకి అది విశ్రాంతి కాదు, వంట అయ్యాక గిన్నెలు తోమాక మిగిలిన ఆఖరి పని. మీరు మీ ఒక్క జత బూట్లకి పాలిష్ పెట్టుకుని ఎరుక, సంపజఞ్ఞం అంటే ఆమె నవ్వుకుంటుంది, న్యాయంగానే. ఆమె తల దువ్వుకోవడానికి, కాళ్ళ పగుళ్ళకి కాస్త నూనె రాసుకోవడానికి తలుపు దగ్గరేసుకుని అరగంట కూర్చునే వీలు ఇంట్లో ఉందా? మహాడ్ సభలో బాబాసాహెబ్ శుభ్రం గురించి ఆడవాళ్ళతో చెప్పారు గానీ, ఆ శుభ్రానికి కావలసిన సమయం ఇవ్వాల్సింది ఇంట్లో మగవాళ్ళే. పిల్లలకి ఏడెనిమిదేళ్ళు వచ్చాయంటే వాళ్ళ బూట్లు వాళ్ళకే అప్పగించండి. మొదట్లో సాక్సులకీ గచ్చుకీ నల్లరంగు అంటుతుంది, అంటనివ్వండి. కొడుకుకైనా కూతురికైనా ఒకే రూలు.

బజార్లో బూటు పాలిష్ చేసే మనిషి దగ్గర ఏం చెయ్యాలి? మనవాళ్ళలో కొందరు సిగ్గుపడి అటు వెళ్ళరు, కొందరు అందరిలాగే కాలు చాపి పెట్టె మీద పెడతారు. రెండూ నాకు సరిగా తోచవు. వెళ్ళకపోతే అతని గిరాకీ పోతుంది, అతని పూట గడవదు. కాలు చాపితే అతను మీ కాలి దగ్గర వంగాలి. బూట్లు విప్పి చేతికివ్వండి. అన్నా అని పిలవండి, అడిగినంత ఇవ్వండి, పక్కన స్టూలు ఉంటే కూర్చుని అతని పిల్లలు ఏం చదువుతున్నారో అడగండి. చదవకపోతే హాస్టల్ అప్లికేషన్ ఎక్కడ దొరుకుతుందో మీకు తెలుసు కదా. ఆ పెట్టె అతని కొడుకు మొయ్యకుండా చూడటం మన బాధ్యత.

గురుద్వారాల్లో జోళ్ళ సేవ ఉంటుంది. పెద్ద ఉద్యోగులు, డబ్బున్నవాళ్ళు కూడా వచ్చినవాళ్ళ చెప్పులు తీసుకుని, తుడిచి, భద్రంగా పెట్టి తిరిగి ఇస్తారు. గర్వం పోగొట్టే మంచి పద్ధతి. అయినా పంజాబ్‌లో కులం పోలేదు, చాలా ఊళ్ళలో దళితులకి వేరే గురుద్వారాలు ఉన్నాయి. సేవ ఒక్కదానితో కులం పోదని దీన్నిబట్టి అర్థమవుతుంది. మా విహారంలో కూడా ఆ మధ్య ఒక ఉపాసకుడు, కుర్రాళ్ళ చేత పెద్దల చెప్పులు సర్దించే సేవ పెడదాం అని ప్రతిపాదించాడు. చర్చ చాలాసేపు జరిగింది. చివరికి వద్దనుకున్నాం. ఒక పని వయసును బట్టో హోదాను బట్టో ఒక గుంపుకి అప్పగించడం మొదలెడితే అది ఎక్కడికి పోతుందో మనకి బాగా తెలుసు. ఎవరి చెప్పులు వాళ్ళే గూట్లో పెట్టుకోవాలి. ఒంట్లో బాగాలేనివాళ్ళకి, నడుం వంగనివాళ్ళకి మాత్రం పక్కన ఎవరుంటే వాళ్ళు, ఆఫీసరైనా కూలీ అయినా, అందుకుని పెట్టాలి. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్ఖువుని బుద్ధుడు, ఆనందుడు తమ చేతులతో కడిగిన సంగతి వినయంలోనే ఉంది, దాన్ని బట్టే ఈ నియమం పెట్టుకున్నాం. వరండా ఊడ్చే వంతు మాత్రం చీటీలు వేస్తాం. మొదటి నెల చీటీ మా అధ్యక్షుడికే పడింది. చెప్పుల గూడు పక్కన ఒక బ్రష్, రెండు పాత బనీను ముక్కలు, ఒక నల్ల పాలిష్ డబ్బా కూడా పెట్టాం. కావలసినవాళ్ళు తరగతికి ముందు కూర్చుని తమ బూట్లు తుడుచుకుంటారు. డబ్బా రెండు నెలలు వస్తోంది.